ఆటగాళ్లు మనవాళ్లు, జ్ఞాపకం కోల్‌కతాది: హైదరాబాద్ ఫుట్‌బాల్ వాదనలపై ఒక సమీక్ష

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి మాట మొదలైతే అది మూడు దారుల్లో పోతుంది. మన ఊరి మేటి ఆటగాళ్ల పేర్లు ఒకరు చెబుతుంటే, వాళ్లను తయారుచేసింది ఎవరో ముందు తేల్చమని ఇంకొకరు అడ్డుపడతారు. ఈలోగా మూడో మనిషి, అదంతా సరే, ఇప్పుడేమైందని నిలదీస్తాడు. ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఒకరినొకరు ఖండించుకుంటున్నామనుకుంటారు.

2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ సినిమా విడుదలయ్యాక ఈ వాదన మళ్లీ ఊపందుకుంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఎన్నడూ వినని తరం కూడా ఆయన గురించి తెలుసుకుంది. సినిమా మేలే చేసింది, కాకపోతే ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది. పాతబస్తీ, పోలీసు లైన్లు, సికింద్రాబాద్ కంటోన్మెంట్, కోల్‌కతా క్లబ్బులు కలగలిసిన కథ ఒక్క మనిషి కథగా కుదించుకుపోయింది. అందుకే అసలు ఎవరేమంటున్నారో, ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ఒకసారి వరసగా చూడటం అవసరం.

తార్నాక చౌరస్తా నుంచి చూస్తే

తార్నాక చౌరస్తాలో నిలబడితే ఈ చరిత్ర పటం దాదాపు మొత్తం చేతికందే దూరంలో ఉంటుంది. దక్షిణాన ఉస్మానియా క్యాంపస్. దాన్ని దాటి విద్యానగర్, కాచిగూడ మీదుగా చాదర్‌ఘాట్ చేరితే మూసీ అవతల పాతబస్తీ. పడమర మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్లు, ఆపైన సికింద్రాబాద్. ఉత్తరాన లాలాపేట, మల్కాజిగిరి దాటిపోతే కంటోన్మెంట్ అంచున అమ్ముగూడ. హైదరాబాద్ ఆటగాళ్లలో పేరు మోసినవాళ్లు ఎక్కువగా ఈ రెండు కొసల నుంచే వచ్చారు. మూసీ వైపు నుంచి ఉర్దూ మాట్లాడే కుటుంబాల పిల్లలు, కంటోన్మెంట్ వైపు నుంచి తమిళ మూలాలున్న కుటుంబాల పిల్లలు. విశ్వవిద్యాలయం నడుమ ఉంది.

విశ్వవిద్యాలయం పాత్ర గురించి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. రహీం ఉస్మానియా విద్యార్థి అన్నది నిజం. విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ కలిసి కట్టిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఆయన ఆడారు, తర్వాత ఖమర్ క్లబ్‌కు మారారు. అయితే ఆయన చదివిన రోజుల్లో ఉస్మానియా ఇప్పుడున్న చోట లేదు. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం చాలాకాలం నగరం నడిబొడ్డున తాత్కాలిక భవనాల్లో నడిచింది. గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టిన ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబర్ 4న గానీ తెరుచుకోలేదు. ఆ మెట్ల ముందు బంతితో యువ రహీంని ఊహించుకుంటే బాగానే ఉంటుంది గానీ కాలం కుదరదు. ఉస్మానియా ఆయనకిచ్చింది మైదానం కన్నా ముఖ్యమైనది: ఉర్దూ మాధ్యమంలో పట్టా, దాంతోపాటు ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బళ్లలో ఆయన పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి అక్కడే ఆటల బాధ్యత తీసుకున్నారు. కోచ్‌గా ఆయన తీరు అర్థం కావాలంటే ఈ బడిపంతులు నేపథ్యాన్ని మరిచిపోకూడదు.

1939 నుంచి 1966 దాకా

1939 ఈ కథలో కీలకమైన ఏడాది. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం అప్పుడే ఏర్పడింది. ‘సిటీ అఫ్గాన్స్’ పేరుతో తర్వాతి కాలపు సిటీ పోలీసు జట్టుకు బీజం పడింది కూడా అప్పుడే. సంఘం వెనకున్న సయ్యద్ మహమ్మద్ హాదీ మామూలు మనిషి కాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు, రంజీ క్రికెట్‌లో సెంచరీ కొట్టాడు. ఇన్ని ఆటల్లో ఆరితేరినందుకు ‘రెయిన్‌బో హాదీ’ అని పిలిచేవారు. 1943లో బెంగళూరు ఆష్ గోల్డ్ కప్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును పోలీసులు ఓడించారు. ఇంగ్లండ్ క్రికెట్, ఆర్సెనల్ ఫుట్‌బాల్ రెండూ ఆడిన డెనిస్ కాంప్టన్ ఆ జట్టులో ఉన్నాడని హైదరాబాదీలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లోనే రహీం సంఘం కార్యదర్శి అయ్యారు. 1963లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

1950లో రహీం పోలీసు జట్టు పగ్గాలు పట్టాక జరిగింది అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, వరుసగా చదివితే ఇప్పటికీ ఆశ్చర్యమే. బొంబాయి రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీసుదే. స్వాతంత్ర్యం తర్వాత మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్‌ను 1950లో మోహన్ బగాన్‌పై రీప్లేలో గెలిచారు. 1954లో, 1957లో మళ్లీ వాళ్లే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్ర పోలీసుగా మారింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ వచ్చాయి. రాష్ట్ర జట్ల సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58ల్లో రెండుసార్లు, ఆంధ్రప్రదేశ్ 1965-66లో ఒకసారి గెలిచాయి. ఆ మూడో గెలుపు తర్వాత ఇంతవరకు ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ ఆ ట్రోఫీని ముట్టుకోలేదు.

జాతీయ జట్టుకూ రహీమే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడటంతో, బూట్లు వేసుకోకుండా ఆడే రోజులు చెల్లిపోయాయని అందరికీ తెలిసొచ్చింది. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దక్కింది. 1962 జకార్తాలో, అప్పటికే క్యాన్సర్ లోపల తినేస్తున్న రహీం కళ్లముందు, లక్షమంది ప్రేక్షకులు కొరియా వైపు నిలిచి అరుస్తుండగా భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఆయన పోయారు.

మేటి ఆటగాళ్లు ఎవరు? రెండు జాబితాలు

ఈ ప్రశ్నకు నగరంలో రెండు జాబితాలు చలామణిలో ఉన్నాయి. వాటిని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడకపోవడం వల్లే సగం గొడవ.

మొదటిది ఊళ్లో ఉండిపోయినవాళ్ల జాబితా. బ్యాక్ అజీజుద్దీన్, హాఫ్ నూర్ మహమ్మద్, ఫార్వర్డ్ మొయినుద్దీన్: ముగ్గురూ 1952 ఒలింపిక్స్ జట్టులో ఉన్నవాళ్లు. అజీజ్, నూర్ 1956లోనూ ఆడారు. వింగ్ మీద ఆడే జుల్ఫికరుద్దీన్ మెల్‌బోర్న్ నాటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. జకార్తా స్వర్ణం తెచ్చిన యూసుఫ్ ఖాన్, డి.ఎం.కె. అఫ్జల్ కూడా ఈ కోవలోకే వస్తారు. యూసుఫ్ ఖాన్‌కు 1966లో అర్జున అవార్డు వచ్చింది. రహీం కొడుకు ఎస్.ఎస్. హకీంను ఏ జాబితాలో చేర్చాలో చెప్పడం కష్టం. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నా మైదానంలోకి దిగే అవకాశం రాలేదు. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశాడు, అంతర్జాతీయ రిఫరీగా ఎదిగాడు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు.

రెండోది వెళ్లిపోయినవాళ్ల జాబితా. పొడవూ బలమూ చూపించేది ఇదే. సికింద్రాబాద్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో మొదలై సైన్యంలో చేరి, ఆపై కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకూ గోల్‌కీపర్‌గా నిలిచిన పీటర్ తంగరాజ్. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే చివరి పతకం. నయీంతోపాటు వెళ్లిన మహమ్మద్ హబీబ్ ఉద్యోగం ఇస్తామన్నా కాదని ఆటనే వృత్తిగా ఎంచుకున్నాడు. 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2 డ్రా చేసినప్పుడు ఒక గోల్ అతనిదే. తమ్ముడు అక్బర్ 1976 కోల్‌కతా డెర్బీలో 17వ సెకనులోనే గోల్ కొట్టాడు. ఆ రికార్డు గురించి అక్కడి టీకొట్లలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ, మిడ్‌ఫీల్డర్ విక్టర్ అమల్‌రాజ్ ఈ వరసలో చివరి పెద్ద పేర్లు.

రెండు జాబితాలూ కలిసే చోట ఒకే ఒక్కడుంటాడు: తులసీదాస్ బలరాం. అమ్ముగూడ పేదింటి పిల్లవాడు. రైడర్స్ క్లబ్, తర్వాత సిటీ పోలీస్, 1957 నుంచి ఈస్ట్ బెంగాల్. మొదటి బూట్లు ఎలా వచ్చాయో బలరాం స్వయంగా చాలాసార్లు చెప్పాడు. పోలీసాయన పాడైపోయిన బూట్లను చెప్పులు కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె రహీం ఇచ్చేవారు. అక్కడి నుంచి రోమ్‌లో హంగరీ మీద గోల్, పెరూ మీద గోల్, జకార్తాలో స్వర్ణం, 1962లో అర్జున. 1963లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్లకే ఆట ఆగిపోయింది. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురినీ ఒకే ఊపిరిలో తలచుకునేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూసేనాటికి హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడి దశాబ్దాలైంది.

జాబితాలను తులనాత్మకంగా చూస్తే ఒక విషయం కళ్లకు కడుతుంది. ఊళ్లో ఉండిపోయినవాళ్ల చేతుల్లో కప్పులు ఎక్కువ, కానీ ఊరి నోట్లో వాళ్ల పేర్లు తక్కువ. వెళ్లిపోయినవాళ్ల పేర్లు నిలిచాయి, అయితే నిలిచింది కోల్‌కతాలో. 1956 ఒలింపిక్స్ జట్టులో హైదరాబాదీలు ఎంతమందన్న చిన్న లెక్క కూడా ఒక్కో కథనంలో ఒక్కోలా ఉండటానికి కారణం ఇదే. తంగరాజ్‌ను సైన్యం ఖాతాలో, అహ్మద్ హుసేన్‌ను కోల్‌కతా ఖాతాలో వేసేవారికి ఒక అంకె వస్తుంది, పుట్టిన ఊరు చూసేవారికి మరొకటి.

తయారుచేసింది ఎవరు? మూడు వాదాలు

మొదటి వాదం రహీం వాదం. ఆయనే అన్నీ చేశారంటుంది. దీనికి ఆధారాలు గట్టివే. ఎడమకాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టి కుర్రాళ్ల బలహీనతల మీద పనిచేశారు. 1953లో హంగరీ ఇంగ్లండ్‌ను దాని సొంతగడ్డపై ఓడించిన తీరును చదివి, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించడం ఇక్కడ ప్రయోగించారు. బడిలో ప్రతి పిల్లవాడికీ వాడి తప్పు వేరుగా చూపించే పంతులు పద్ధతి ఇది. ఈ వాదంలో లోపం ఒకటే. రహీం రాకముందే, 1943 నాటికే, పోలీసు జట్టు గెలుస్తోంది. మట్టి అప్పటికే సిద్ధంగా ఉంది.

రెండోది పోలీసు వాదం. ఆటగాడికి కానిస్టేబుల్ ఉద్యోగం, జీతం, క్వార్టర్, రోజూ ప్రాక్టీసుకు సమయం, ఇవన్నీ కలిసి జట్టును నిలబెట్టాయంటుంది. నాకు ఈ వాదమే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అజీజ్, నూర్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కలిసి ఆడటానికి అదే కారణం. అయిదు రోవర్స్ కప్పులు ఒక్కో ఆటగాడి మెరుపుతో రావు. ఒకరి అడుగు ఇంకొకరికి తెలిసిన పదకొండుమంది ఉంటేనే వస్తాయి.

మూడోది బస్తీ వాదం. బ్రిటిష్ రెజిమెంట్లు కంటోన్మెంట్‌లో ఆడటం చూసి నేర్చుకున్న పిల్లలు, వీధి జట్లు, చిన్న క్లబ్బులు. అసలు ఊట అదేనంటుంది. తంగరాజ్, బలరాం ఇద్దరి మొదటి క్లబ్బులే ఇందుకు సాక్ష్యం. హబీబ్ అన్నదమ్ములంతా ఆటగాళ్లే కావడం మూసీ వైపు సాక్ష్యం. ఈ వాదం ఆటగాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చెబుతుంది గానీ, వాళ్లంతా ఒకే కాలంలో ఒకే జట్టుగా ఎలా కుదిరారో చెప్పలేదు. బస్తీలు తర్వాతా ఉన్నాయి, అలాంటి జట్టు మళ్లీ రాలేదు.

మూడింటినీ కలిపితే: బస్తీ పిల్లవాణ్ని ఇచ్చింది, పంతులు వాణ్ని ఆటగాణ్ని చేశాడు, పోలీసు శాఖ ఆ ఆటగాణ్ని ఊళ్లో నిలబెట్టింది. ఏ ఒక్కటి తీసేసినా జట్టు లేదు. ఆట ఎందుకు ఆగిందన్న తగువు కూడా నిజానికి ఈ మూడింటిలో ముందు తెగింది ఏది అన్న తగువే.

ఎందుకు ఆగింది?

ఎక్కువగా వినిపించే కారణం క్రికెట్. ఇదే అన్నిటికన్నా బలహీనమైనదని నా అభిప్రాయం. ఫతే మైదాన్‌లో మొదటి క్రికెట్ టెస్టు 1955లోనే జరిగింది. పోలీసు జట్టు ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడే ఈ ఊరు జయసింహ, అబ్బాస్ అలీ బేగ్‌లను కూడా ఇచ్చింది. రెండు ఆటలూ ఒకే నగరంలో కలిసి బతికాయి. 1983 ప్రపంచకప్ వచ్చేసరికి హైదరాబాద్ ఫుట్‌బాల్ చేతిలో కప్పు లేక పదిహేనేళ్లు దాటింది. క్రికెట్ వచ్చి ఖాళీ చేయించలేదు, ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.

రెండో కారణం రహీం మరణం. కాలక్రమం దీన్ని పూర్తిగా ఒప్పుకోదు. ఆయన పోయాకే ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. నయీం, హబీబ్, షబ్బీర్ పేరు తెచ్చుకున్నదీ ఆ తర్వాతే. అయితే ఒకటి నిజం. శిక్షణ పద్ధతిగా ఎవరికీ అందకుండా ఆయనతోనే పోయింది. రాసిపెట్టిన పాఠం లేదు, దాన్ని నేర్పే సంస్థ లేదు. అంతకుముందు వేసిన నారు పదేళ్లు పంటనిచ్చింది, తర్వాత నారు పోసినవాడు లేడు.

మూడో కారణం వలస. కోల్‌కతా క్లబ్బులిచ్చే డబ్బు, పేరు, యాభై వేలమంది ప్రేక్షకులు. వీటితో హైదరాబాద్ పోటీపడలేకపోయింది. 1957లో బలరాం, 1966లో నయీం, హబీబ్: మంచి ఆటగాడు మీసం మొలిచేసరికి రైలెక్కాడు. మిగిలినవాళ్లు బ్యాంకులు, రైల్వే, సైనిక కేంద్రాల జట్లలోకి చెదిరిపోయారు. పోలీసు జట్టును నిలబెట్టిన సూత్రమే, అంటే ఉద్యోగంతో ఆటగాణ్ని కట్టిపడేయడమే, ఇతరుల చేతికి చిక్కాక దానికే ఎదురు తిరిగింది.

నాలుగోది మైదానాలు. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది, ఆ చోటును ఆట రకరకాల సభలతో పంచుకోవాల్సి వచ్చింది. 2025 జనవరి 31న గోషామహల్ పోలీస్ స్టేడియంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు. అయినా నగరం నడుమ ఇంకో పెద్ద మైదానం తగ్గినట్టే.

ఈ కారణాల బలాబలాలు అంచనా వేయడానికి ఉస్మానియా మైదానాల్లోకి ఒక పొద్దున వెళ్తే చాలు. నడకకు వచ్చిన తార్నాక, హబ్సిగూడ పెద్దవాళ్ల మధ్య జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పరుగులు తీస్తుంటారు, ఇసుక గుంతలో లాంగ్‌జంప్ చేస్తుంటారు, ఇనుప గుండు విసురుతుంటారు. పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకు అది సాధన. 1950లో ఫుట్‌బాల్ బాగా ఆడేవాడికి పోలీసు ఉద్యోగం వచ్చేది. ఇప్పుడు పోలీసు ఉద్యోగం కావాలంటే ఫుట్‌బాల్ తప్ప అన్నీ చేయాలి. స్పోర్ట్స్ కోటా ఉంది గానీ, అది ఒకరిద్దరికి దారి చూపుతుందే తప్ప పదకొండుమందిని కలిపి ఉంచదు. అందుకే వలస, మైదానాలు, శిక్షణ అన్నిటికన్నా ముందు తెగింది పోలీసు ముడేనని నాకనిపిస్తుంది.

గ్లాస్గోలో గుర్తుంది, గోషామహల్‌లో లేదు

ఇక్కడ స్కాట్లండ్‌తో పోలిక ఉపయోగపడుతుంది. ఈ ఆటకు మన దేశంలో మొదటి పెద్ద కప్పైన డ్యూరాండ్‌ను 1888లో సిమ్లాలో మొదట గెలిచింది రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ అనే స్కాటిష్ రెజిమెంటే. ఆ జట్టులో ఎవరెవరు ఆడారో ఇవాళ స్కాట్లండ్‌లోనూ ఎవరికీ పట్టదు. అదే గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్ సంగతి వేరు. 1967లో యూరోపియన్ కప్ గెలిచిన సెల్టిక్ జట్టంతా స్టేడియం చుట్టూ ముప్పై మైళ్లలోపు పుట్టినవాళ్లే. ‘లిస్బన్ లయన్స్’ అని పేరు పెట్టి పిల్లలకు కూడా కంఠతా వచ్చేలా చేశారు. ముప్పై మైళ్లు పెద్ద వలయమే. మన అమ్ముగూడ నుంచి పాతబస్తీ దాకా అందులో సగం కూడా ఉండదు.

అంతకన్నా తమాషా సంగతి ఇంకొకటుంది. 1936లో కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం సెల్టిక్ తరఫున కేవలం రెండు మ్యాచ్‌లు, అవీ రెండో శ్రేణి జట్టులో, ఆడాడు. బూట్లు లేకుండా, పాదాలకు బ్యాండేజీ చుట్టుకుని. ఆ బ్యాండేజీ కడుతున్న ఫొటో సెల్టిక్ అభిమానుల పుస్తకాల్లో దాదాపు తొంభై ఏళ్లుగా తిరుగుతోంది. రెండు మ్యాచ్‌ల అతిథిని గ్లాస్గో గుర్తుపెట్టుకుంది. అయిదు రోవర్స్ కప్పుల అజీజుద్దీన్‌ను హైదరాబాద్ గుర్తుపెట్టుకోలేదు.

తేడా అభిమానంలో లేదు, సంస్థలో ఉంది. రెజిమెంటూ పోలీసు శాఖా ఒకే రకం సంస్థలు: మనుషులు బదిలీ అవుతారు, పదవీ విరమణ చేస్తారు, శాఖకు చెప్పుకోవడానికి వేరే పనులుంటాయి. క్లబ్బుకు గతమే పెట్టుబడి. సభ్యత్వం అమ్మాలన్నా, కుర్రాణ్ని ఆకర్షించాలన్నా పాత పేర్లు కావాలి. ఈస్ట్ బెంగాల్ బలరాంను, మోహన్ బగాన్ హబీబ్‌ను గుర్తుంచుకున్నది అందుకే. పోలీసు శాఖే హైదరాబాద్ జట్టును నిలబెట్టింది, ఆ జట్టు జ్ఞాపకాన్ని నిలబెట్టలేకపోయిందీ పోలీసు శాఖే. పై రెండు జాబితాల మధ్య కనిపించిన తేడాకు ఇంతకన్నా పెద్ద కారణం అవసరం లేదు.

తెలుగు పాఠకుడి వాటా

ఇంకో అసౌకర్యమైన సంగతి చెప్పుకోవాలి. ఈ చరిత్ర మొదట జరిగింది ఉర్దూలో. ఆటగాళ్లు, కోచ్, ఉస్మానియా చదువు, చాలావరకు ప్రేక్షకులూ ఉర్దూవాళ్లే. తర్వాత అది బెంగాలీలో బతికింది. నోవీ కపాడియా ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ లాంటి పుస్తకాలతో ఇంగ్లిష్‌లో స్థిరపడింది. చివరికి హిందీ సినిమా అయింది. తెలుగులోకి వచ్చేసరికి వార్తగానే వచ్చింది, అదీ ఎక్కువగా సంస్మరణ వార్తగా. 2023 ఆగస్టు 15న హబీబ్ చనిపోయినప్పుడు బెంగాలీ అభిమానులు సొంత మనిషి పోయినట్టు కన్నీరు పెట్టుకున్నారు. టోలీచౌకీలో ఏళ్లుగా మన మధ్యే ఉన్న మనిషి ఆయన.

దీన్ని మతం కోణంలోనో, ప్రాంతం కోణంలోనో చూసేవాళ్లున్నారు. తెలుగువాళ్లు కాని ఆటగాళ్లను తెలుగు పత్రికలు పట్టించుకోలేదని ఒక వాదం. 1956 తర్వాత రాజధాని కొత్తవాళ్ల ఊరైంది, వచ్చినవాళ్లకు ఈ ఆట గతం తెలియదని మరో వాదం. రెండింటిలోనూ కొంత నిజముంది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్, ఆంధ్రప్రదేశ్ అవతరణ ఒకే నెలలో, 1956 నవంబర్‌లో, వచ్చాయి. ఒక కొత్త రాష్ట్రం తన వీరులను వెతుక్కుంటున్న వేళ ఈ ఆటగాళ్లు దాని కంటపడలేదు.

తేలనివి

పాత పేర్ల లెక్క తేలకముందే కొత్త కాలం వచ్చేసింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది. ఊరు చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్ద కప్పు చూసింది. 2025లో యాజమాన్యం మారి ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్ ఉంటే జ్ఞాపకం నిలుస్తుందన్న పై వాదనకు ఇది గట్టి అభ్యంతరమే. లీగు వ్యవస్థలో క్లబ్బు కూడా కొన్నాళ్లకు చేతులు మారే ఆస్తి అయితే, పాత పేర్లు ఎవరి దగ్గరుంటాయి? శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చింది. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ చివరి రౌండ్లకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. కప్పును బెంగాల్ తీసుకెళ్లింది.

రెండోది ఆధారాల ప్రశ్న. పోలీసు జట్టు ఏళ్లకు సంబంధించిన వివరాలు పాత ఉర్దూ దినపత్రికల్లో, సంఘం కాగితాల్లో, కుటుంబాల ట్రంకుపెట్టెల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఉర్దూ, చరిత్ర, వ్యాయామ విద్య మూడు శాఖలూ ఒకే ప్రాంగణంలో ఉన్న ఉస్మానియాకు ఈ పని ఎత్తుకోవడం కష్టమేమీ కాదు. ఆ తరం ఆటగాళ్లలో దాదాపు అందరూ పోయారు. జుల్ఫికరుద్దీన్ 2019లో, హకీం 2021లో, బలరాం, హబీబ్ 2023లో. ఇక మిగిలేవి కాగితాలే.

మూడోది జాబితా హద్దుల ప్రశ్న. మేటి ఆటగాళ్లంటే హైదరాబాద్ మగవాళ్లేనా? నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియా క్లబ్ డినామో జాగ్రెబ్‌కు వెళ్లింది, భారత జట్టుకు ఆడింది, 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అయింది. మూసీ, కంటోన్మెంట్ రెండు కొసల్లో దేనికీ చెందని మొదటి పెద్ద పేరు ఆమెది. పోలీసు లైన్లూ రహీం పద్ధతీ లేకుండా వచ్చిన పేరు కూడా. మూడు వాదాల్లో ఏదీ ఆమెను వివరించలేదు. ఆ ఏడాది జాతీయ మహిళల లీగ్ టైటిల్ ఆమె గెలిచింది ఈస్ట్ బెంగాల్ జెర్సీలో.